పదముగ్గురే అనుకుంటున్న నర్సింగ్ హోంలో ఇరవైమంది

ప్రశ్న: గుంటూరు జిల్లాలోని ఒక పట్టణంలో నేనూ, మా ఆవిడా కలిసి పదిహేను పడకల నర్సింగ్ హోం నడుపుతున్నాం. మా జీతాల రిజిస్టరులో పదముగ్గురున్నారు: ఐదుగురు నర్సులు, ఎక్స్‌రే టెక్నీషియన్, ల్యాబ్ టెక్నీషియన్, రిసెప్షన్‌లో ఇద్దరు, ఇద్దరు వార్డు బాయ్‌లు, ఇద్దరు ఆయాలు. నెలకు మొత్తం జీతాలు 1,60,000 దాకా అవుతాయి, నగదుగానే ఇస్తాం. ఇరవైమంది లోపు కాబట్టి ఏ చట్టమూ మనకు వర్తించదని మా ఆడిటర్ గారు మొదట్నుంచీ చెబుతున్నారు. ఇప్పుడు రెండు తలనొప్పులు వచ్చాయి. నెలకు 15,000 తీసుకునే నర్సు ఒకామె గర్భిణి. మా దగ్గర చేరి మూడేళ్లయింది, నవంబరులో కాన్పు. ఆరు నెలలు జీతంతో సెలవు కావాలంటోంది. రాజీనామా చేసి కాన్పయ్యాక మళ్లీ చేరమందామా అని ఆలోచిస్తున్నాం. ఇంకో నర్సు చెప్పాపెట్టకుండా మానేసింది. ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు మా బీరువాలోనే ఉన్నాయి, ఆఖరి నెల జీతం ఆపాం. మేం చేసింది సరైనదేనా?

సమాధానం:

డాక్టరు గారూ, మీ ఆడిటర్ గారి మాటలో సగం నిజముంది. చిక్కంతా ఆ సగంతోనే. ఇరవైమంది అనే హద్దు ప్రావిడెంట్ ఫండ్‌ది. ఆ మాట నోటా నోటా పడి, చివరికి అన్ని చట్టాలకూ అదే హద్దన్నంత దూరం వెళ్లింది. నిజానికి మెట్లు మూడు. ఒక్క మనిషిని పనికి పెట్టుకున్నా కనీస వేతనం, వేళకు జీతం వర్తిస్తాయి. పదిమంది అయితే ఈఎస్ఐ (చందా కట్టే ఉద్యోగుల ప్రభుత్వ బీమా), ప్రసూతి ప్రయోజనం, గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం), లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ, అపాయింట్‌మెంట్ లెటర్లు, పని గంటల నియమాలు వస్తాయి. ఇరవై అయితే పీఎఫ్, బోనస్ కూడా చేరతాయి. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి పాత చట్టాలు చాలావరకు వాటిలో కలిసిపోయాయి గానీ, ఈ పది, ఇరవై అంకెలు మాత్రం మారలేదు. కాబట్టి మీరు చెప్పిన పదమూడుతోనే రెండో మెట్టు ఎక్కేశారు.

అసలు ఆ పదమూడు కూడా నికరమైన లెక్కేనా అన్నది చూడాలి. పైన కుదించి ఇచ్చిన మీ ఉత్తరం చివర్లో, వేరే మాటల మధ్య మీరే ఇంకో ఏడుగురి ప్రస్తావన తెచ్చారు: ఏజెన్సీ పంపే ఇద్దరు స్వీపర్లు, రాత్రి వాచ్‌మన్, నెలజీతం మీద రాత్రుళ్లు ఉండే డ్యూటీ డాక్టరు, కింద మీ బావమరిది పేరున ఉన్న మెడికల్ షాపులో ముగ్గురు. చట్టం తలలు లెక్కపెట్టేటప్పుడు రిజిస్టరు ఒక్కటే చూడదు. ఏజెన్సీ మనుషులైనా మీ ఆవరణలో మీ పని చేస్తున్నారు కాబట్టి లెక్కలోకి వస్తారు. డ్యూటీ డాక్టరు జీతం ఈఎస్ఐ పరిమితి 21,000 కన్నా ఎక్కువ కాబట్టి ఆయన పేర చందా కట్టక్కర్లేదు, కానీ తలల లెక్కలో ఉంటారు. రోజూ వచ్చే పార్ట్ టైమర్లు కూడా అంతే. యజమానులుగా మీ దంపతులు మాత్రం లెక్కలోకి రారు. వారానికోసారి వచ్చి, చూసిన కేసులకు ఫీజు తీసుకుని వెళ్లే ఎముకల డాక్టరు గారూ రారు. అలాగని నర్సు జీతాన్ని కాగితం మీద ‘కన్సల్టెన్సీ ఫీజు’ అని రాసి పది శాతం టీడీఎస్ కోసినంత మాత్రాన ఆవిడ కన్సల్టెంట్ అయిపోదు. డ్యూటీ చార్టు ఎవరు వేస్తారు, సెలవు ఎవరిని అడగాలి, ఎవరి పరికరాలతో పని చేస్తారు అన్నవే అధికారి అడిగే ప్రశ్నలు.

మెడికల్ షాపు సంగతే అసలు పేచీ. పదమూడు, ఇద్దరు స్వీపర్లు, వాచ్‌మన్, డాక్టరు కలిస్తే పదిహేడు. షాపులో ముగ్గురినీ కలిపితే సరిగ్గా ఇరవై. బావమరిది పేరు ఉన్నంత మాత్రాన అది వేరే సంస్థ అయిపోదు. పీఎఫ్ వాళ్లు చూసేవి వేరు: కరెంటు మీటరు ఒకటేనా, షాపు గల్లాపెట్టె డబ్బు సాయంత్రం ఎవరి దగ్గరికి వెళుతుంది, రిసెప్షన్ అమ్మాయి మధ్యాహ్నం వెళ్లి షాపు కౌంటర్‌లో కూర్చుంటుందా, షాపు వాళ్ల జీతాలు ఎవరి ఖాతాలోంచి పోతున్నాయి. వేరే డ్రగ్ లైసెన్సు, వేరే జీఎస్టీ నంబరు, వేరే బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం, సొంత జీతాల రిజిస్టరు ఉండి, బయటి చీటీలకు కూడా అమ్మకాలు జరుగుతుంటే వేరే సంస్థేనని గట్టిగా వాదించవచ్చు. ఇవేవీ లేకపోతే మీరు ఇరవైమంది యజమానే అనుకుని ముందుకు వెళ్లడం క్షేమం.

ఇంకో సంగతి. ఒకసారి పరిధిలోకి వచ్చాక మనుషులు తగ్గినా బయటికి రాలేరు. ‘నలుగురిని తీసేస్తే తొమ్మిదికి దిగుతాం కదా’ అన్న ఉపాయం పనికిరాదు.

ఇప్పుడు గర్భిణి నర్సు విషయం. రాజీనామా ఆలోచన ఈ రోజే మానుకోండి. గర్భం కారణంగా తీసేసినా, తీసేయడానికి దారి తీసేలా రాజీనామా రాయించుకున్నా ఆమెకు రావలసిన ప్రయోజనం పోదు. పైగా ప్రసూతి సెలవులో ఉండగా తొలగింపు నోటీసు ఇవ్వడం నేరం. కాన్పు ముందరి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, అర్హత వచ్చేస్తుంది. ఈమెకు మూడేళ్ల సర్వీసు ఉంది. బతికి ఉన్న పిల్లలు ఇద్దరి కన్నా తక్కువ ఉంటే 26 వారాలు, అందులో కాన్పుకు ముందు 8 వారాలు మించకుండా తీసుకోవచ్చు. ఇద్దరు పిల్లలుండి ఇది మూడో కాన్పైతే 12 వారాలే.

ఆ డబ్బు ఎవరివ్వాలన్నది మీ అసలు ప్రశ్న. ఈఎస్ఐ ఉంటే కార్పొరేషన్ ఇస్తుంది, మీరు పైసా ఇవ్వక్కర్లేదు. ఈఎస్ఐ లేకపోతే మీ జేబులోంచే. ఇక్కడ లెక్క చాలామంది తప్పుతారు. ఆరు నెలలంటే 90,000 అనుకుంటారు. చట్టం చెప్పేది సగటు దినవేతనం. సెలవుకు ముందు మూడు నెలల్లో ఆమె పనిచేసిన రోజులకు వచ్చిన జీతాన్ని ఆ రోజులతోనే భాగించాలి. నెలకు 26 రోజులు పనిచేస్తే 15,000 ÷ 26, అంటే రోజుకు 577 దాకా. చెల్లించేటప్పుడు మాత్రం 26 వారాలు అంటే 182 రోజులూ లెక్కే, ఆదివారాలతో సహా. ఆదివారాలు కలపాలా వద్దా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కలపాల్సిందేనని 1977లో బి. షా కేసులో తేలిపోయింది. 577 చొప్పున 182 రోజులకు 1,05,000. ఆరు నెలల జీతం కాదు, ఏడు నెలల జీతం. కాన్పుకు ముందు కాలానికి రావలసింది గర్భధారణ రుజువు చూపగానే ముందే ఇవ్వాలి, మిగిలింది బిడ్డ పుట్టిన రుజువు ఇచ్చిన 48 గంటల్లోగా ఇవ్వాలి. ఉచిత వైద్యం మీరు చేయకపోతే 3,500 మెడికల్ బోనస్ అదనం. మీది ఆసుపత్రే కాబట్టి ఆ 3,500 ఇవ్వాల్సిన పని మీకు పడకపోవచ్చు!

ఈఎస్ఐ అయితే ఆమె మీద మీ వాటా 15,000లో 3.25 శాతం, అంటే నెలకు 488. ఆమె జీతంలోంచి కోసేది 0.75 శాతం, 113. మూడేళ్లు కట్టినా మీ వాటా 17,600 దాటదు. ఆ మొత్తానికి లక్షా ఐదువేల భారం తప్పేది.

‘అయితే రేపే రిజిస్ట్రేషన్ చేయిస్తాను’ అంటారేమో. చేయించండి, కానీ తేదీ దగ్గర జాగ్రత్త. ఈఎస్ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక కంట్రిబ్యూషన్ పీరియడ్, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటి. నవంబరులో కాన్పుకు లెక్కలోకి వచ్చేవి నిరుటి ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా గడిచిన రెండు పీరియడ్‌లు. వాటిలో కనీసం 70 రోజులకు ఆమె పేర చందా ఉండాలి. ఈ నెలే పదిమంది అయ్యారన్నట్టు ఫారం నింపితే ఆ 70 రోజులు ఉండవు, 1,05,000 మీ నెత్తినే పడుతుంది. నిజంగా పదో మనిషి చేరిన తేదీ వేస్తే సంగతి వేరు. నిబంధనలో ఉన్న మాట చందా ‘చెల్లించిన’ రోజులు కాదు, ‘చెల్లించవలసిన’ రోజులు. పాత తేదీ నుంచి బకాయి కట్టేస్తే ఆమె అర్హత నిలబడుతుంది. నిజం చెప్పడమే మీకు లాభించే అరుదైన సందర్భం ఇది.

బకాయి ఎంత అవుతుంది? ఉత్తరంలో ఇచ్చిన వివరాలను బట్టి రెండేళ్ల కిందట పది దాటారు. జీతాలు 1,60,000 అనుకుంటే రెండు వాటాలూ కలిపి 4 శాతం, నెలకు 6,400. 24 నెలలకు 1,53,600, పైన ఏడాదికి 12 శాతం వడ్డీ. ఉద్యోగుల వాటా కూడా మీరే ఎందుకు కట్టాలంటే, ఏ నెల చందాను ఆ నెల జీతంలోంచే కోయాలి, పాత నెలలది ఇప్పటి జీతంలోంచి కోయడానికి వీల్లేదు. ఆలస్యమైనకొద్దీ ఈ వాటా బరువు పెరుగుతూనే ఉంటుంది. స్వీపర్లు, వాచ్‌మన్‌ల చందా ఏజెన్సీ కడుతోందేమో చలాన్లు అడగండి. వాళ్లు కట్టకపోతే అసలు యజమానిగా మీ దగ్గర్నుంచే వసూలు చేస్తారు. చలాను నకలు జతచేయని ఏజెన్సీ బిల్లును పాస్ చేయకండి.

రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే. పాన్, ఆసుపత్రి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బ్యాంకు వివరాలు, సిబ్బంది ఆధార్, చేరిన తేదీలతో జాబితా సిద్ధం చేసుకోండి. మీకు 17 అంకెల కోడ్ నంబరు, ఒక్కో ఉద్యోగికి 10 అంకెల ఇన్సూరెన్స్ నంబరు వస్తాయి. ఆధార్‌లో పేరు ఒకరకంగా, సర్టిఫికెట్‌లో ఇంకోరకంగా ఉన్నవాళ్ల దగ్గరే పని ఆగిపోతుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడా కూడా, పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు కూడా. అది ముందే సరిచేయించండి. ఇక ప్రతి నెలా 15వ తేదీలోగా చందా వెళ్లిపోవాలి.

పీఎఫ్ పరిధిలోకి కూడా వచ్చారని తేలితే, 15,000 జీతం మీద ఉద్యోగి నుంచి 12 శాతం 1,800, మీ నుంచి 1,800. మీ 1,800లో 1,250 పింఛను పథకానికి, 550 పీఎఫ్‌కు వెళుతుంది. బీమాకు 75, నిర్వహణ చార్జీ 75 అదనం, మొత్తం మీద మీ వాటా 1,950. ఇదీ 15వ తేదీలోగానే. చందా తగ్గించుకోవడానికి బేసిక్ 5,000, మిగిలిందంతా అలవెన్సులు అని విడగొట్టే పాత పద్ధతి ఇక నడవదు. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సు జీతంలో భాగమేనని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే చెప్పింది. కొత్త కోడ్‌ల ప్రకారం మినహాయింపు అలవెన్సులు మొత్తంలో సగం మించితే, మించినదంతా వేతనంగానే లెక్క. ఇరవై దాటినవాళ్లకు కనీసం 8.33 శాతం బోనస్ కూడా ఉంది, ఆర్థిక సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లోగా ఇవ్వాలి. కొత్తగా పెట్టిన సంస్థలకు మొదటి ఐదేళ్లు కొంత వెసులుబాటు ఉంటుంది, లాభం వచ్చిన ఏడాది మాత్రం ఇవ్వాలి.

ఇవన్నీ అటుంచి, మీరు అడగని విషయం ఒకటుంది. నా ఉద్దేశంలో మీ అసలు అప్పు అక్కడే పేరుకుంటోంది. నర్సులు ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది డ్యూటీలు చేస్తారని రాశారు. చిన్న ఆసుపత్రులన్నిటా ఉన్న అలవాటే. చట్టం రోజుకు 8, వారానికి 48 గంటలంటుంది. మీ నర్సు ఆరు రోజులకు 72 గంటలు చేస్తోంది. మిగతా 24 గంటలకు రెట్టింపు రేటు ఇవ్వాలి, అదీ ఆమె ఒప్పుకుంటేనే. 24 గంటలకు రెట్టింపు అంటే 48 గంటల జీతం. అంటే వారానికి ఇంకో పూర్తి జీతం! 15,000 ÷ 26 ÷ 8 చేసి చూడండి, గంటకు 72 వస్తుంది. ఓవర్‌టైం గంటకు 144. నెలకు 104 గంటలు. మొత్తం 15,000. ఆమె ఎప్పుడైనా లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టిందంటే మీ దగ్గరున్న డ్యూటీ చార్టే ఆమెకు సాక్ష్యం.

ఒక నర్సు కుర్చీ 24 గంటలూ, వారం పొడవునా నిండి ఉండాలంటే 168 గంటలు కావాలి. రెండు డ్యూటీల పద్ధతిలో వారానికి 72 గంటలు చేసే 2.33 మంది సరిపోతారు, కానీ చట్టప్రకారం ఒక్కొక్కరికి రెండు జీతాలు ఇవ్వాలి కాబట్టి 4.67 జీతాలవుతాయి. మూడు డ్యూటీలుగా విడగొడితే 48 గంటల చొప్పున 3.5 మంది, 3.5 జీతాలే. ఓవర్‌టైం ఎగ్గొట్టినంత కాలమే రెండు డ్యూటీలు చవక. న్యాయంగా లెక్కగడితే మూడు డ్యూటీలే చవక. రాత్రి డ్యూటీలో ఆడవాళ్లు ఉండటం తప్పు కాదు, కానీ సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6 లోపు పనికి వాళ్ల సమ్మతి కావాలి. ఒక్కో నర్సు దగ్గర తెలుగులో రాసిన సమ్మతి పత్రం తీసుకుని ఫైల్లో పెట్టండి. రాత్రి వెళ్లిరావడానికి, లోపల భద్రతకు ఏర్పాటు మీదే. పడుకోవడానికి గది, లోపలి నుంచి గడియ, మెట్ల దగ్గర లైటు లాంటివి ఖర్చు లేనివే.

జీతాల మొత్తం కూడా సరిచూడండి. ఆసుపత్రుల కనీస వేతనం మూల వేతనం, కరువు భత్యం కలిపి ఉంటుంది, ఆ భత్యం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. నర్సుల జీతం చూసి ఊరట పడేవాళ్లు ఆయాల జీతం దగ్గర దొరికిపోతుంటారు. మీరు రాసిన 7,500ను ముందు ఆ పట్టికతో పోల్చండి. నర్సుల విషయంలో ఇంకో అంకె తరచూ వినబడుతుంది: 50 పడకల లోపు ఆసుపత్రుల్లో నెలకు 20,000కు తగ్గకూడదని. అది సుప్రీంకోర్టు ఆదేశం మీద వేసిన కమిటీ 2016లో చేసిన సిఫారసు, అమలు రాష్ట్రాలకు వదిలేశారు. చట్టబద్ధమైన కనీసం కాదు. కానీ మీ నర్సులు ఎందుకు నిలవడం లేదో అర్థం కావాలంటే ఆ అంకె దగ్గర కాసేపు ఆగండి.

నగదు జీతం చట్టవిరుద్ధం కాదు గానీ, రోజుకు ఒక మనిషికి 10,000 మించి నగదు ఇస్తే ఆదాయపు పన్నులో ఆ ఖర్చును ఒప్పుకోరు. 15,000 నగదుగా ఇచ్చి దాన్ని ఖర్చుగా చూపలేకపోతే, ఆ జీతం మీద పన్ను మీరు కట్టినట్టే. బ్యాంకులో వేయండి. 7వ తేదీ దాటకూడదు. 15,000 దాటి 20,000 దాకా జీతముంటే 150, ఆపైన 200 వృత్తి పన్ను కోసి 10వ తేదీలోగా కట్టాలి.

ఇక మానేసిన నర్సు. సర్టిఫికెట్లు ఆపుకోవడానికి మీకు ఏ హక్కూ లేదు. అవి తాకట్టు వస్తువులు కావు. ఆమె నర్సింగ్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసినా, పోలీసు స్టేషనుకు వెళ్లినా ఇబ్బంది మీదే. జీతం కూడా అంతే: మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి. ‘నోటీసు ఇవ్వలేదుగా’ అంటారు. నోటీసు ఎన్నాళ్లని ఎక్కడ రాసుకున్నారు? మీరు అపాయింట్‌మెంట్ లెటరే ఇవ్వలేదు. పనిచేసిన రోజుల జీతం, మిగిలిన సెలవుల డబ్బు లెక్కగట్టి బ్యాంకులో వేయండి. సర్టిఫికెట్లను వరుస నంబర్లతో జాబితా రాసి, స్వయంగా వస్తే సంతకం తీసుకుని, రాకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ముందు ముందు ఎవరు చేరినా ఒరిజినల్స్ చూసి, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు సరిచూసుకుని, సంతకం చేసిన నకళ్లు ఉంచుకుని ఒరిజినల్స్ అప్పటికప్పుడే ఇచ్చేయండి.

అపాయింట్‌మెంట్ లెటర్ ఇప్పుడు ఐచ్ఛికం కాదు. పాతవాళ్లకు కూడా కోడ్ అమల్లోకి వచ్చిన మూడు నెలల్లోగా ఇవ్వాలని ఉంది, ఆ గడువు దాటిపోయింది, కాబట్టి ఈ వారమే ఇచ్చేయండి. ఒక పేజీ చాలు: పేరు, హోదా, చేరిన తేదీ, జీతం విభజన, పని గంటలు, వారపు సెలవు, నోటీసు కాలం ఇరువైపులా ఒకటే. చేరిన అసలు తేదీ వేయండి, లెటర్ ఇచ్చే తేదీ కాదు. ఐదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. ఆఖరి వేతనం × 15 ÷ 26 × సర్వీసు ఏళ్లు. 15,000 మీద ఆరేళ్లకు 51,923. ఏడాదికోసారి కొత్త కాంట్రాక్టు రాయించుకుంటే గ్రాట్యుటీ ఉండదనే చిట్కా పాతబడిపోయింది, నిర్ణీత కాలపు ఉద్యోగికి ఇప్పుడు ఏడాదికే దామాషా ప్రకారం వస్తుంది.

ఇవన్నీ కిరాణా హోల్‌సేల్ దుకాణానికైనా వర్తించేవే. ఆసుపత్రికి మాత్రమే ఉన్నవి కొన్ని. బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు, 2016 ప్రకారం చెత్త సంచి ముట్టుకునే ప్రతి మనిషికీ, ఏజెన్సీ స్వీపర్లతో సహా, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు మీరే వేయించాలి. చేరినప్పుడూ, ఏడాదికోసారీ ఆరోగ్య పరీక్ష, శిక్షణ ఉండాలి. హెపటైటిస్ బి మూడు డోసులు 0, 1, 6 నెలల్లో. రెండు డోసులు వేయించుకుని మూడోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ కాబట్టి చేరిన రోజే మూడో డోసు తేదీ రిజిస్టరులో రాసేయండి. సూది గుచ్చుకున్న ప్రతి సంఘటనా రాసి ఉండాలి. హెచ్‌ఐవీ అనుమానం ఉంటే నివారణ మందులు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలవ్వాలి. రాత్రి రెండింటికి గుచ్చుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో, మందు ఎక్కడుందో నర్సుల టేబుల్ పైన కాగితం అంటించండి.

కొత్త నర్సులకు చేరేముందు హెచ్‌ఐవీ పరీక్ష చేయిస్తామని గర్వంగా రాశారు. వెంటనే ఆపండి. ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్ష షరతుగా పెట్టడాన్ని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. అదే చట్టం ప్రకారం ఇరవైమంది ఉన్న వైద్య సంస్థ ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టుకోవాలి. మామూలు సంస్థలకు ఆ హద్దు వంద.

ఎక్స్‌రే టెక్నీషియన్‌కు రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి మూడు నెలలకోసారి పంపి కొత్తది తెప్పించాలి. దాన్ని లెడ్ ఏప్రన్ లోపల ఛాతీ దగ్గర పెట్టుకోవాలి. చాలాచోట్ల జరిగే పొరపాటు ఏమిటంటే, సాయంత్రం ఏప్రన్‌తో పాటు బ్యాడ్జిని ఎక్స్‌రే గదిలోనే కొక్కేనికి తగిలించి వెళ్లిపోతారు. తర్వాత రిపోర్టులో మనిషి తీసుకోని డోసు వచ్చి, సంజాయిషీ రాసుకోవలసి వస్తుంది. అన్నట్టు, మీ గర్భిణి నర్సును పిల్లల ఎక్స్‌రేకు బిడ్డను పట్టుకోవడానికి పంపకండి.

చివరిగా, మీ ఉత్తరంలో ఎక్కడా కనబడనిది: 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం. పదిమంది అయ్యారు కాబట్టి అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే 50,000 దాకా జరిమానా. సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షురాలు, కనీసం ఇద్దరు ఉద్యోగులు, మహిళల సమస్యల మీద పనిచేసే సంస్థ నుంచి ఒక బయటి వ్యక్తి. మొత్తం సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలు ఉండాలి. మీ ఆవిడను అధ్యక్షురాలిగా వేద్దామనిపిస్తుంది. వద్దు, ఆవిడ యజమాని. మీ హెడ్ నర్సును వేయండి. ఫిర్యాదు యజమాని మీదే వస్తే అది ఈ కమిటీకి కాదు, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. పేషెంటు తాలూకు వాళ్లు వార్డులో నర్సును వేధించినా చర్య తీసుకోవలసిన బాధ్యత మీదే. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న బోర్డును మీ కన్సల్టింగ్ రూములో కాకుండా, నర్సులు బట్టలు మార్చుకునే గదిలో పెట్టండి.